సీటు డిక్కీలో, బిడ్డ ఒళ్లో

హైదరాబాద్‌లో పసిబిడ్డ ఉన్న ఇళ్లలో కార్ సీటు ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. బారసాలకు ఆఫీసు స్నేహితులు తలా కొంత వేసుకుని కొనిస్తున్నారు. అమెరికా నుంచి వచ్చే మేనత్తలు చాక్లెట్లతో పాటు దాన్నీ లగేజీలో వేసుకొస్తున్నారు. ఇంతా చేసి, కారు గేటు దాటేసరికి చాలాసార్లు బిడ్డ అమ్మమ్మ ఒళ్లో ఉంటుంది, సీటు డిక్కీలో ఉంటుంది. పెద్దవాళ్ల చాదస్తం అని తోసేయడం తేలికే. కానీ వాళ్లు చెప్పే కారణాలు వినండి: ‘తల ముందుకు వాలిపోతోంది’, ‘సీటు అటూ ఇటూ ఊగుతోంది’, ‘అందులో పెట్టగానే గుక్కపట్టి ఏడుస్తున్నాడు’. మూడూ నిజాలే. సీటు సరిగ్గా బిగించనప్పుడు మొదట కనబడేవీ ఇవే.

కార్ సీటు పనితీరంతా రెండు బిగింపుల మీద, ఒక వాలు మీద నడుస్తుంది. సీటు కారుకు బిగియాలి. బిడ్డ సీటుకు బిగియాలి. ఊపిరికి అడ్డం రాకుండా సీటు తగినంత వెనక్కి వాలి ఉండాలి. ధర, బ్రాండు, మెత్తల రంగు వీటి తర్వాతి మాట. ఖరీదైన సీటును వదులుగా కట్టడం కన్నా మామూలు సీటును గట్టిగా కట్టడం మేలు.

ఒడి ఎందుకు చాలదు

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని, ముందు భాగం ఓ 60 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకుందాం. సెకనుకు 14 మీటర్ల వేగం ఆ కాస్త దూరంలో సున్నాకు రావాలి. లెక్క కడితే లోపలున్న ప్రతి వస్తువు మీదా దాని బరువుకు దాదాపు 16 రెట్ల బలం పడుతుంది. 6 కిలోల బిడ్డ ఆ క్షణంలో దాదాపు క్వింటా. అదీ ముందుగా చెప్పి వచ్చే బరువు కాదు, సెకనులో పదో వంతు కన్నా తక్కువ సమయంలో వచ్చి పడేది. ఎవరి చేతులూ దాన్ని ఆపలేవు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకోవడం ఇంకా ఘోరం. అప్పుడు తల్లి బరువంతా వెనక నుంచి బిడ్డను బెల్టుకేసి నొక్కుతుంది.

బిడ్డ ముఖం కారు వెనక వైపు తిరిగి ఉండాలనడానికి కారణం మెడ. పసిబిడ్డ పొడవులో తలే నాలుగో వంతు ఉంటుంది. ఆ తలను మోసే మెడ ఎముకల్లో ఇంకా చాలా భాగం మృదులాస్థే. బిడ్డ ముందుకు చూస్తూ కూర్చుంటే, గుద్దుకున్నప్పుడు పట్టీలు మొండాన్ని పట్టి ఆపుతాయి గానీ తలను ఆపేది ఏదీ ఉండదు. మెడ సాగుతుంది. లోపలి వెన్నుపాము అంత సాగలేదు. బిడ్డ వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు చిప్ప (మెత్త కింద ఉండే గట్టి ప్లాస్టిక్ తొట్టి) మీద ఆనుతాయి, బలం అంతటా పరుచుకుంటుంది. యూరప్ కొత్త ప్రమాణమైన ఆర్129 ప్రకారం కనీసం 15 నెలలు నిండేవరకూ వెనక్కే తిప్పి ఉంచాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే ఆ సీటు ఒప్పుకునే గరిష్ఠ బరువు, ఎత్తు వచ్చేదాకా అలాగే ఉంచమంటుంది. కాళ్లు మడుచుకుని ఉన్నాడే అని జాలిపడి ముందే తిప్పేసేవాళ్లు ఎక్కువ. మడుచుకున్న కాళ్లతో పిల్లలకు ఇబ్బందేమీ లేదు.

ఇలా వెనక్కి చూసే సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. డ్యాష్‌బోర్డులోంచి రెప్పపాటు కన్నా వేగంగా విచ్చుకునే ఆ సంచి సరిగ్గా బిడ్డ తల వెనకున్న చిప్ప మీదికే వచ్చి కొడుతుంది. ‘నేను డ్రైవ్ చేస్తుంటే పక్కనే కనబడతాడు కదా’ అనే ఒంటరి ప్రయాణాల్లోనే ఈ తప్పు జరుగుతుంది.

చట్టం సంగతి ఒక్క మాటలో: 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటుబెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. రోడ్డు మీద దీన్ని ఆపి అడిగేవాళ్లు అరుదే కాబట్టి జరిమానా భయంతో ఎవరూ సీటు కొనరు, కొననక్కర్లేదు కూడా.

ఏది కార్ సీటు, ఏది కాదు

ఆన్‌లైన్‌లో ‘క్యారీ కాట్ కమ్ కార్ సీట్’ అని అమ్మేవాటిలో కొన్ని ఉత్త బుట్టలు. పైన హ్యాండిల్, లోపల మెత్త, నడుం దగ్గర ఓ సన్నటి పట్టీ ఉంటాయి. కారు బెల్టు పోయే దారి ఎక్కడా ఉండదు. గుడ్డతో కుట్టి, పెద్దల సీటుకు వెనక నుంచి తాళ్లతో కట్టే ‘పోర్టబుల్’ రకం ఇంకో మోసం. చూడాల్సింది చిప్ప వెనకో అడుగునో అతికించిన ఆరెంజ్ రంగు లేబుల్. అందులో వృత్తంలో ‘ఇ’ అక్షరం, దాని పక్కన ఆమోదం ఇచ్చిన దేశం అంకె, ఆర్44/04 (యూరప్ పాత ప్రమాణం) లేదా ఆర్129 అన్న గుర్తు ఉంటాయి. మన దేశ ప్రమాణం ఏఐఎస్-072 కూడా ఆర్44 ఆధారంగా వచ్చిందే.

ఆర్44 బరువును బట్టి విడగొడుతుంది: 0+ గ్రూపు అంటే పుట్టినప్పటి నుంచి 13 కిలోల దాకా, 1వ గ్రూపు 9 నుంచి 18 కిలోలు, 2, 3 గ్రూపులు కలిపి 15 నుంచి 36 కిలోలు. ఆర్129 బిడ్డ పొడవును బట్టి చెబుతుంది, పక్క నుంచి గుద్దే పరీక్ష కూడా అందులో ఉంది. రెండూ దొరికితే, డబ్బు వెసులుబాటు ఉంటే ఆర్129 తీసుకోండి.

ఇక ‘పుట్టినప్పటి నుంచి 12 ఏళ్ల దాకా ఒకే సీటు’ అనే రకం. లెక్కకు లాభంగానే కనిపిస్తుంది. కానీ రెండున్నర, మూడు కిలోల బిడ్డను అందులో కూర్చోబెట్టి భుజం పట్టీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. వెనక్కి చూసే సీట్లో పట్టీ భుజం ఎత్తులో గానీ, అంతకన్నా కాస్త కింద నుంచి గానీ రావాలి. ఇలాంటి సీట్లలో కొన్నిటికి అట్టడుగు రంధ్రమే పసిబిడ్డ చెవి దగ్గరికి వస్తుంది. అలా ఉంటే పట్టీ ఎంత లాగినా బిడ్డ పైకి జారే సందు మిగులుతుంది. మొదటి ఏడాదికి పసిపిల్లల క్యారియర్ (హ్యాండిల్ పట్టుకుని బిడ్డతో సహా ఎత్తుకెళ్లే, వెనక్కి చూసే సీటు), ఆ తర్వాత పెద్ద సీటు అని రెండు అంచెలుగా కొనడమే మా సలహా. రెండు ఖర్చులైనా సరే.

కొనేముందు మీ కార్లోనే పెట్టి చూడాలి. వెనక్కి చూసే సీటు చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ముందు సీటును దాదాపు డ్యాష్‌బోర్డు దాకా నెట్టేస్తుంది. పొడుగాటి నాన్న ముందు కూర్చోలేని పరిస్థితి వస్తే రెండో వారానికే సీటు డిక్కీలోకి పోతుంది. షాపువాళ్లు పార్కింగ్ దాకా తీసుకెళ్లి చూడనివ్వకపోతే ఇంకో షాపు చూసుకోండి.

అమెరికా సీటు, ఇండియా కారు

ఈ ఊళ్లో ఎక్కువగా తలెత్తే చిక్కు ఇది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కొన్న సీటు మంచిదే. దానికి ఆరెంజ్ లేబుల్ ఉండదు, అక్కడి ప్రమాణం వేరు, అంతమాత్రాన నాసిరకమని కాదు. ఇబ్బందంతా బెల్టుతో.

అమెరికా కార్లలో వెనక సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి వదిలితే టిక్కు టిక్కుమంటూ వెనక్కి పోతుంది, మళ్లీ సాగదు. అలా లాక్ అయ్యే బెల్టును నమ్ముకునే అక్కడి సీట్లు చాలావరకు తయారవుతాయి. మన దగ్గర చాలా కార్లలో బెల్టు గట్టి కుదుపు వచ్చినప్పుడే పట్టుకుంటుంది, మిగతా వేళ సాగుతూనే ఉంటుంది. కాబట్టి ఆ సీటును మన బెల్టుతో ఎంత గట్టిగా లాగి కట్టినా రెండు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి వదులైపోతుంది. ఇంట్లోవాళ్లు ‘ఊగుతోంది’ అనేది దీన్నే. మీ కారు బెల్టు ఏ రకమో తెలుసుకోవడానికి పూర్తిగా లాగి, మెల్లగా వదిలి చూడండి. టిక్కు శబ్దంతో పోతూ మధ్యలో లాగితే రాకపోతే అది లాక్ అయ్యే రకం.

లాక్ కాని బెల్టు అయితే మూడు దారులున్నాయి. మొదటిది, కారులో ఐసోఫిక్స్ కడ్డీలు (పిల్లల సీటు తగిలించడానికి కారుకే బిగించి వచ్చేవి) ఉంటే సీటు కింద పీటలా ఉండే బేస్‌కున్న కొక్కేలను వాటికే తగిలించడం. అమెరికా సీట్ల కొక్కేలు మన ఐసోఫిక్స్ కడ్డీలకు పడతాయి. కొక్కేలు వాడినప్పుడు బెల్టు కూడా కట్టాలా అన్నది మాన్యువల్ చెబుతుంది, చాలా సీట్లకు రెండూ కలిపి వాడకూడదు. రెండోది, బేస్‌లోనే బెల్టును పట్టుకునే లాక్ ఉందేమో చూడటం. ప్లాస్టిక్ మూత తెరిచి బెల్టు పెట్టి నొక్కే రకం అది. మూడోది, ఇనుప లాకింగ్ క్లిప్. చూడ్డానికి ఆంగ్ల ‘హెచ్’ అక్షరంలా ఉంటుంది. బకిల్‌లో దూరే నాలుకకు రెండున్నర సెంటీమీటర్ల లోపు, నడుం బెల్టునూ భుజం బెల్టునూ కలిపి దానితో బిగిస్తారు. ఈ మూడూ కుదరకపోతే ఆ సీటును మీ కారుకు వాడకండి, ఎంత ప్రేమతో తెచ్చినా సరే.

ఇంకో రెండు మాటలు. విమానంలో చెక్-ఇన్ లగేజీగా వచ్చిన సీటుకు చిప్పలో పగుళ్లు ఉన్నాయేమో మెత్త తీసి చూడాలి. అలాగే అమెరికా సీట్లకు ఛాతీ మీద చిన్న క్లిప్ వస్తుంది, అది చంకల ఎత్తులో ఉండాలి. పొట్ట మీదికి జారితే పట్టీలు భుజాల నుంచి తప్పుకుంటాయి. యూరప్ ప్రమాణం సీట్లకు ఈ క్లిప్ ఉండదు. లేదని బయట కొని తగిలించకండి.

సీటు కారుకు బిగించడం

ముందుగా సీటు కవర్ సంగతి. కొత్త కారు కొన్న వారంలోనే మనవాళ్లు రెగ్జిన్ కవర్లు వేయిస్తారు. వేసేవాడు వెనక బకిళ్లను కవర్ కిందికి తోసేసి పోతాడు. ఐసోఫిక్స్ కడ్డీలు కూడా దాని కిందే మాయమవుతాయి. వీపు ఆనే భాగం, కూర్చునే భాగం కలిసే సందులో వేళ్లు దూర్చి వెతికితే 28 సెంటీమీటర్ల దూరంలో రెండు ఇనుప కడ్డీలు తగులుతాయి. అవి ఉంటే కవర్‌కు అక్కడ చీలికలు పెట్టించండి. కవర్ మరీ నున్నగా, మందంగా ఉంటే ఆ ఒక్క చోట తీసేయడమే మంచిది. కింద మెత్తగా జారే పొర ఉన్నంతసేపూ బిగింపు నిలవదు.

వెనక సీటు నడిమధ్య పక్క దెబ్బలకు దూరంగా ఉండే చోటు. కానీ మన కార్లలో చాలావాటికి అక్కడ ఐసోఫిక్స్ ఉండదు, కొన్ని పాత కార్లలో నడుం బెల్టే ఉంటుంది, పైగా సీటు గుబ్బలా లేచి ఉంటుంది. అందుకే ఎక్కువమందికి ఎడమ వైపు వెనక సీటే సరైనది. మన రోడ్ల మీద అది ఫుట్‌పాత్ వైపు. బిడ్డను ఎక్కించేటప్పుడు బండ్లు రాసుకుపోయే వైపు నిలబడనక్కర్లేదు.

బెల్టుతో కట్టే క్యారియర్లలో బెల్టు దారి నీలం రంగు గుర్తులతో ఉంటుంది. ఎరుపు గుర్తులు ముందుకు చూసే సీట్లకు. నడుం బెల్టు బిడ్డ కాళ్ల దగ్గరి రెండు కొక్కేల గుండా అడ్డంగా పోతుంది, భుజం బెల్టు చిప్ప వెనక నుంచి చుట్టి వస్తుంది. బకిల్ పడ్డాక ఓ చేత్తో క్యారియర్‌ను సీటులోకి అదిమి పట్టి, ముందు నడుం భాగంలో వదులు తీసి, ఆ మిగులును భుజం బెల్టులోకి లాగాలి. బరువు వేయకుండా లాగితే బెల్టు బిగిసినట్టు కనిపిస్తుంది గానీ కిందున్న నురుగు మెత్త తర్వాత అణిగి వదులొస్తుంది. కొన్ని కార్లలో బకిల్ కాడ పొడుగ్గా ఉండి బకిల్ సరిగ్గా సీటు ప్లాస్టిక్ అంచు మీద ఆనుతుంది. అప్పుడు ఎంత లాగినా లాభం లేదు, ఇంకో వైపు పెట్టి చూడాలి.

బేస్, దాని కింద కాలు ఉన్న రకమైతే ఆ కాలు కారు అడుగు గట్టి నేలకు తగలాలి. మందపాటి 7డీ మ్యాట్లు ఉంటే అక్కడ తీసేయండి, లేకపోతే కాలు మెత్త మీద తేలుతుంది. అడుగున సామాన్ల అర ఉన్న కార్లలో దాని మూత మీద కాలు పెట్టడానికి వీల్లేదు. కాలు దగ్గర, ఐసోఫిక్స్ కొక్కేల దగ్గర ఎరుపు పోయి ఆకుపచ్చ గుర్తులు అన్నీ కనబడాలి. ఒక్కటి ఎర్రగా ఉన్నా బిగింపు పడనట్టే.

ఆఖరి పరీక్ష చేత్తోనే. బెల్టు పోయే చోట సీటును పట్టుకుని, మీకు వాటం కాని చేత్తో అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ కదపండి. కదలిక రెండున్నర సెంటీమీటర్లు మించకూడదు. చాలామంది తల వైపు అంచు పట్టుకుని ఊపి ‘కదులుతోంది’ అని కంగారుపడతారు. ఆ కొస కొంత కదలడం మామూలే, చూడాల్సింది బెల్టు దగ్గరే.

పొత్తిళ్లు విప్పాకే

డిశ్చార్జి రోజు బిడ్డ బయటికి వచ్చేది టవల్లో చుట్టిన మూటలా. ఆ మూటను అలాగే సీటులో పెడితే కాళ్ల మధ్య నుంచి రావాల్సిన పట్టీకి దారే ఉండదు. నర్సుకు ముందే చెప్పి కాళ్లు విడిగా ఉండే పల్చటి దుస్తులు వేయించండి. స్వెట్టర్, మందపాటి దుప్పటి పట్టీల కింద ఉండకూడదు. చేతికి గట్టిగా తగిలిన పట్టీ నిజానికి ఉన్నిమీద ఆనుతుంది, దెబ్బ తగిలినప్పుడు ఉన్ని అణిగిపోయి ఆ మేరకు సందు ఏర్పడుతుంది. డిసెంబరు చలిలో పట్టీలు బిగించిన తర్వాత పైన కప్పండి, నడుం దాకా మాత్రమే.

పిరుదులు, వీపు పూర్తిగా వెనక్కి ఆనేలా కూర్చోబెట్టి, పట్టీలు మెలిపడకుండా చూసి, బకిల్ టక్కుమనేదాకా నొక్కాలి. ముందు తొడల దగ్గరి వదులును పైకి లాగి, అప్పుడు కింద ఉన్న తోక పట్టీని లాగాలి. ఈ వరస తప్పితే వదులంతా నడుం దగ్గరే ఉండిపోతుంది. బిగిసిందో లేదో భుజం పక్క కంటెముక దగ్గర తెలుస్తుంది. పట్టీని బొటనవేలు, చూపుడువేలుతో నిలువుగా గిల్లి పట్టుకోబోతే మడత రాకూడదు. మడత దొరికితే ఇంకా లాగాలి. ‘పాపం నొక్కుకుపోతాడు’ అని ఒక అంగుళం వదిలేసేది అమ్మమ్మ ఒక్కతే కాదు, డాక్టర్లయిన తల్లిదండ్రులూ అదే చేస్తారు.

మెడలో గొలుసు, దిష్టి తాడు ఉంటే ప్రయాణం వరకు తీసేయండి. మొలతాడు ఉండొచ్చు, బకిల్ నోట్లో ఇరుక్కోకుండా చూస్తే చాలు. బిడ్డ మరీ చిన్నగా ఉండి పక్కలకు ఒరుగుతుంటే, పట్టీలు బిగించాక తలకు రెండు వైపులా చిన్న గుడ్డ చుట్టలు పెట్టొచ్చు. కిందికి జారుతుంటే లంగోటాకూ కాళ్ల మధ్య పట్టీకీ నడుమ చిన్న చుట్ట పెట్టొచ్చు. వీపు కింద, తల కింద ఏదీ పెట్టకూడదు, ఆవాల దిండు సహా. సీటుతో పాటు వచ్చిన లోపలి మెత్త వాడొచ్చు, కానీ అది ఏ బరువు దాకానో మాన్యువల్లో ఉంటుంది. దాని పని అయిపోయాక కూడా ఉంచేయడం వల్లే నాలుగో నెలలో బిడ్డ ఇరుగ్గా ఉందని ఏడుస్తుంది.

వాలు, నిద్ర, ఊపిరి

పుట్టిన కొత్తలో తలను నిలబెట్టే బలం మెడకు ఉండదు. సీటు నిటారుగా ఉంటే నిద్రలో గడ్డం ఛాతీకి ఆని, గొంతులోని సన్నటి గాలిదారి గొట్టం వంగినట్టు ముడుచుకుంటుంది. బిడ్డ ఏడవదు, చప్పుడు చేయదు, అందుకే ఇది ప్రమాదం. నిలువుకు దాదాపు 45 డిగ్రీల వాలు పసికందుకు సరైనది. సీటు పక్కన ఒక గీత గానీ, నీళ్లలో బుడగలాంటి గుర్తు గానీ ఉంటుంది. ఆ గీత నేలకు సమాంతరంగా రావాలి. ఇది చూసేటప్పుడు కారు చదునైన చోట ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద నిలబెట్టి సరిచేసిన వాలు రోడ్డెక్కాక తప్పిపోతుంది. వాలు చాలకపోతే బేస్ కింద గుడ్డ చుట్ట పెట్టడానికి మాన్యువల్ ఒప్పుకుంటుందేమో చూసుకోండి. బిడ్డ గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక వేలు పట్టాలి.

కొత్తగా పుట్టినవాళ్లను మొదటి కొన్ని వారాలు సీటులో ఒకేసారి అరగంటకు మించి ఉంచకుండా, ఆ తర్వాత రెండు గంటలకు ఒకసారైనా బయటికి తీసేలా చూసుకోవాలని నిపుణులు చెబుతారు. 37 వారాలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా ఉన్నా డిశ్చార్జికి ముందే డాక్టర్‌ను అడగండి. అమెరికా ఆసుపత్రుల్లో అలాంటి పిల్లలను గంటన్నర పైగా సీటులో కూర్చోబెట్టి ఆక్సిజన్, గుండె వేగం చూసి గానీ పంపరు.

ఇంటికొచ్చాక బిడ్డ నిద్రలో ఉంటే లేపడానికి మనసొప్పదు. క్యారియర్‌తో సహా తెచ్చి హాల్లో పెట్టి, ఊపిరాడాలని పట్టీలు కాస్త వదులు చేస్తారు. ఈ రెండూ కలిస్తే చాలా ప్రమాదం: నేల మీద ఆ వాలు మారిపోతుంది, వదులైన పట్టీల్లో బిడ్డ కిందికి జారి పట్టీ మెడకు పడుతుంది. లేచినా సరే, తీసి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. సోఫా మీదో డైనింగ్ టేబుల్ మీదో క్యారియర్ పెట్టడం ఇంకో తప్పు. బిడ్డ కాళ్లాడిస్తే చాలు, అది మెల్లగా అంచుకు జరుగుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో

ఎండలో మూసి ఉన్న కారు లోపలి వేడి పది నిమిషాల్లో పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం నాలుగు వేళ్లు దించినా పెద్ద తేడా రాదు. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. కాబట్టి ‘మందుల షాపులో రెండు నిమిషాలే’ అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. వెనక్కి చూసే సీటులో నిద్రపోయే బిడ్డ డ్రైవరుకు కనబడదు. రోజూ వేరేవాళ్లు దింపే బిడ్డను ఓ రోజు నాన్న తీసుకెళ్తే మరచిపోవడానికి ఆస్కారం ఉంది. ఫోనో, లాప్‌టాప్ సంచో బిడ్డ పక్కన పెట్టుకుంటే దిగేటప్పుడు వెనక తలుపు తెరవక తప్పదు.

సీటు ఖాళీగా ఉన్నప్పుడు తెల్లటి గుడ్డ కప్పండి. బిడ్డను పెట్టేముందు బకిల్ లోహం మీద మీ ముంజేయి ఆనించి చూడండి. ముందుగా ఏసీ వేసి, తలుపులు తెరిచి వేడిగాలి పోనిచ్చాకే ఎక్కించాలి. క్యారియర్ మీద చున్నీ కప్పడం మనవాళ్లకు బాగా అలవాటు, ఎండ తగలకుండా అని. కింద గాలి ఆడక ఉక్కపోస్తుంది, పైగా బిడ్డ ముఖం కనబడదు. కిటికీకి పెట్టే జాలీ తెర చాలు.

క్యాబ్, ఆటో

డెలివరీ అయ్యాక మొదటి మూడున్నర నెలల్లో తప్పని ప్రయాణాలు టీకాలవే: 6, 10, 14 వారాలకు. సొంత కారు లేనివాళ్లకు ఇవి క్యాబ్‌లోనే. అలాంటివాళ్లు బేస్ లేకుండా బెల్టుతోనే కట్టగలిగే క్యారియర్ కొనాలి. ఐసోఫిక్స్ బేస్‌తో మాత్రమే పనిచేసేది క్యాబ్‌లో ఎందుకూ పనికిరాదు. బుక్ చేసి డ్రైవర్‌కు ఫోన్ చేసినప్పుడు ‘వస్తున్నారా’ అనే ప్రశ్నతో పాటు ‘అన్నా, వెనక బెల్టులు పనిచేస్తాయా, బకిళ్లు కవర్ బయటికున్నాయా’ అని కూడా అడగండి. ‘ఎక్కడో లోపలుంటాయి మేడమ్’ అంటే ఇంకో బండి. ఇంట్లో రెండు మూడుసార్లు ఖాళీ క్యారియర్ కట్టి విప్పడం అలవాటు చేసుకుంటే వెనక హారన్లు మోగుతున్నా చేతులు తడబడవు.

ఆటోలో కట్టడానికి బెల్టే లేదు కాబట్టి క్యారియర్ తీసుకెళ్లి ఉపయోగం లేదు. దగ్గర్లో మెట్రో ఉంటే అదే నయం. బైకు మాట పసికందు విషయంలో ఎత్తనే కూడదు. నాలుగేళ్లలోపు పిల్లలకు బైకు మీద హార్నెస్ (నడిపేవాళ్లకు బిడ్డను కట్టి ఉంచే పట్టీలు) ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో నిబంధన వచ్చింది గానీ, కూర్చోవడమే రాని బిడ్డను ఏ హార్నెస్ నిలబెట్టదు.

మూడో నెలలో పుట్టింటి నుంచి

బిడ్డ చేసే మొదటి దూర ప్రయాణం చాలా ఇళ్లలో ఇదే. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 270 కిలోమీటర్ల పైచిలుకు. పెద్దవాళ్లు ఒక్క సూర్యాపేటలో టీ తాగి వచ్చేస్తారు. మూడు నెలల బిడ్డతో అయితే కోదాడ, సూర్యాపేట, చిట్యాల, ఇలా కనీసం మూడు చోట్ల ఆగాలి, ఒక్కోచోట పదిహేను ఇరవై నిమిషాలు సీటులోంచి తీసి చదునుగా పడుకోబెట్టాలి. లెక్క కిలోమీటర్లది కాదు, సీటులో గడిచిన సమయానిది. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్ దగ్గర కారు కదలకపోయినా ఆ సమయం నడుస్తూనే ఉంటుంది. అలాగని క్యూలో ఉండగానే తీసి ఒళ్లో పెట్టుకోకండి, వెనక నుంచి తగిలే దెబ్బలు అక్కడే ఎక్కువ.

పాలు పట్టడం కారు ఆగాకే. కదిలే బండిలో సీసా పడితే పొలమారుతుంది, తల్లి బెల్టు విప్పి వంగితే ఆమెకూ రక్షణ పోతుంది. బిడ్డ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏడుపు మొదలుపెడితే పక్కకు తీసి ఆపాలనిపిస్తుంది. కానీ పక్క లైన్లలో కార్లు 120 దాకా వెళ్లే రోడ్డది, అంచున ఆగిన బండిని వెనక నుంచి వచ్చే లారీ గుద్దిన వార్తలు చదువుతూనే ఉంటాం. తర్వాతి ఎగ్జిట్ దాకా ఏడవనివ్వండి. కిందికి దిగాక తియ్యండి.

సెకండ్ హ్యాండ్, ఉతుకు, తర్వాతి సీటు

అక్క పిల్లాడు వాడిన సీటు తీసుకోవచ్చు, అది ఎప్పుడు తయారైందో, ఏ ప్రమాదంలోనూ లేదో మీకు తెలిస్తే. తయారీ తేదీ చిప్ప మీదే ఉంటుంది. గడువు కంపెనీని బట్టి ఆరు నుంచి పదేళ్లు. ఎండలో ఏళ్ల తరబడి కారులోనే ఉన్న ప్లాస్టిక్ పైకి బాగున్నా లోపల పెళుసెక్కుతుంది. గట్టి ప్రమాదంలో ఉన్న సీటును, పగులు కనబడకపోయినా, పారేయాలి. పాతసామాన్లవాడికి ఇచ్చేముందు పట్టీలు కత్తిరించండి, ఇంకెవరూ వాడకుండా. ఎవరు వాడారో తెలియని ఆన్‌లైన్ సెకండ్ హ్యాండ్ సీటు ఎంత చవకైనా వద్దు.

కక్కిన పాలు పట్టీల్లోకి ఇంకితే మెత్త కవర్ విప్పి ఉతకొచ్చు. పట్టీలను మాత్రం సబ్బు నీళ్లలో నానబెట్టకూడదు, మెషీన్‌లో వేయకూడదు, బ్లీచింగ్ తగలనివ్వకూడదు. దారాల బలం పోతుంది. తడిగుడ్డ, కాస్త మెత్తటి సబ్బు చాలు, నీడన ఆరబెట్టాలి. బకిల్ టక్కుమనకపోతే లోపల పాలు గడ్డకట్టో బిస్కెట్ పొడి చేరో ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లతో కడిగి ఆరనివ్వండి, నూనె పోయకండి.

క్యారియర్ ఇక చాలదు అన్నదానికి గుర్తు బిడ్డ తల. తల పైభాగానికీ చిప్ప పై అంచుకీ మధ్య రెండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే, బరువు ఇంకా హద్దు దాటకపోయినా, తర్వాతి సీటు కొనాలి. ఆ సీటును కూడా ముందు వెనక్కి తిప్పే పెట్టండి.